ఉనైజాలో మా ఆయన కుర్చీ

సౌదీ వెళ్లొచ్చానని తెలిసి మా స్కూల్లో తోటి టీచర్లు అడిగింది ఒక్కటే: ఎడారి ఎలా ఉంది, ఒంటెల్ని చూశారా అని. చూశాను. కానీ నేను వెళ్లింది ఒంటెల కోసం కాదు, మా ఆయన ఎలా ఉన్నారో చూడ్డానికి. దసరా సెలవులకి ముందూ వెనకా మరికొన్ని రోజులు కలిపి సెలవు పెట్టి, మా అమ్మాయి మేఘనని కాకినాడలోనే మా చెల్లెలింట్లో దింపి, విజిట్ వీసా మీద వెళ్లాను.

నిజానికి సౌదీ నాకు కొత్త దేశం కాదు. తొమ్మిదేళ్లు రియాద్‌లో కాపురం చేసినదాన్ని. మా ఆయన పేరు సుబ్రహ్మణ్యం. పెద్ద భవనాల్లో ఏసీ ప్లాంట్లు చూసుకునే మెయింటెనెన్స్ ఇంజినీరు. పెళ్లాం పిల్లలతో ఉండే విదేశీయులు ఇంట్లో మనిషికింతని లెవీ కట్టాలనీ, అది ఏటేటా పెరుగుతుందనీ ప్రభుత్వం చెప్పిన ఏడాది, మా బిల్డింగులో ఫ్లాట్లు ఒక్కొక్కటే ఖాళీ అయిపోయాయి. మెట్ల మీద ఎప్పుడు చూసినా ఎవరిదో ఫ్రిజ్ దిగుతూ ఉండేది. చివరికి మాదీ దిగింది. నేనూ మేఘనా వచ్చేశాం, ఆయన ఉండిపోయారు. మేం వచ్చిన కొన్నాళ్లకి కంపెనీ ఆయన్ని ఉనైజాకి మార్చింది. రియాద్‌కి వాయవ్యంగా, ఖర్జూరం తోటల మధ్య ఉన్న ఊరది. అక్కడి యూనివర్సిటీ కాలేజీల్లో ఏసీల కాంట్రాక్టు వీళ్ల కంపెనీది.

రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. మొదట్లో ఆ ఫోన్లో ఆయన గొంతు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. కొన్ని నెలలు పోయాక వెనకనుంచి అరుపులు, చప్పట్లు, గ్లాసుల చప్పుడు మొదలయ్యాయి. ఎక్కడున్నారండీ అంటే కాఫీకి వచ్చానంటారు. రోజూ కాఫీయేనా అంటే, మ్యాచ్ ఉంది అంటారు. ఇరవయ్యేళ్ల కాపురంలో ఈ మనిషి క్రికెట్ ఫైనల్ కూడా కూర్చుని చూసిన పాపాన పోలేదు. పైగా సెలవుకి ఎప్పుడొస్తున్నారంటే మాట మార్చేస్తున్నారు. అందుకే బయల్దేరాను.

మలాజ్

రియాద్ ఎయిర్‌పోర్టులో ఆయన్ని చూడగానే సన్నబడ్డారనుకున్నాను. దగ్గరికొచ్చాక, సన్నబడలేదు, జుట్టు తగ్గిందంతే అని తెలిసింది. ఆయన నన్ను చూసి ఏమనుకున్నారో చెప్పలేదు, నా చేతిలోంచి పెట్టె లాక్కున్నారు.

ఆ రాత్రికి మలాజ్‌లోనే, ఆయనతో ఇదివరకు పనిచేసిన స్నేహితుడింట్లో ఉన్నాం. మలాజ్ రియాద్‌లో పాతపేట. మేమున్న వీధీ అక్కడే. పొద్దున్నే నేనొక్కదాన్నీ అబాయా వేసుకుని మా పాత బిల్డింగు దాకా నడిచాను. ఒకప్పుడు ఆ వీధిలో సాయంత్రమైతే తెలుగు, తమిళం, మలయాళం, ఉర్దూ అన్నీ కలిసి వినిపించేవి. ఇప్పుడు బాల్కనీల్లో బట్టలు కూడా లేవు. కింద బఖాలా, అంటే కిరాణా కొట్టు, నడిపే కేరళ మనిషి నన్ను గుర్తుపట్టి, నేను అడక్కుండానే పాల డబ్బా సంచిలో వేసి ఇచ్చాడు. మీ దగ్గర చక్రవడ్డీ లెక్కలు చెప్పించుకోడానికి వచ్చే మీ అమ్మాయి స్నేహితులెవరూ ఇప్పుడు లేరన్నాడు హిందీలో. డబ్బులు తీసుకోలేదు. బయటికొచ్చాక చూసుకుంటే సంచిలో మేఘనకిష్టమైన చాక్లెట్ కూడా ఉంది.

దారిలో

ఉనైజాకి కారులో నాలుగు గంటలకి తక్కువ కాదు. రోడ్డు బాణంలా ఉంటుంది. రెండు పక్కలా ఇసుక ఒకచోట పసుపుపచ్చగా, ఒకచోట ఎర్రగా, మధ్యాహ్నమయ్యేసరికి తెల్లగా కనిపిస్తుంది. మన దగ్గర ప్రయాణమంటే ఊరి తర్వాత ఊరు తగులుతుంది, ఎక్కడో ఒకచోట రైలుగేటు పడుతుంది, జామకాయలమ్మేవాళ్లొస్తారు. ఇక్కడ తగిలేవి పెట్రోలు బంకులు. ప్రతి బంకులోనూ ఒక చిన్న మసీదు, ఒక టీ కొట్టు. రెండు రియాళ్లకి కరక్ అనే చిక్కటి ఏలకుల టీ ఇస్తారు. నేను కాకినాడనుంచి తెచ్చిన జంతికలు తీశాను. ఆయన కారాపేసి, బానెట్ మీద టీ పెట్టుకుని, డబ్బాలో సగం తినేశారు. తింటున్నంతసేపూ ఎదురుగా ఇసుకకేసి చూస్తూనే ఉన్నారు.

ఏమైనా చెప్పాలా అని అడిగాను. ఏముంది చెప్పడానికి, నువ్వొచ్చావు కదా అన్నారు. చెప్పాల్సిందేదో ఉందని నాకప్పుడే అనిపించింది. రోడ్డు మీద అడిగి లాభంలేదని ఊరుకున్నాను.

తప్పు తలుపు

ఉనైజా నేననుకున్నంత ఎండిన ఊరు కాదు. వీధుల పక్కన ఖర్జూరం చెట్లు, వాటి మొదట్లో నీళ్లు పారే గొట్టాలు. సాయంత్రమయ్యేసరికి కాలేజీ కుర్రాళ్లు తెల్లటి పొడుగు తోబుల్లో, కార్లలో గుంపులుగా తిరుగుతుంటారు. ఆయనుండే గది ఒక పాత భవనం మొదటి అంతస్తులో. నేనొస్తానని తుడిచారు కాబోలు, మూలల్లో చీపురు గీతలు ఇంకా ఉన్నాయి. గోడకి మేఘన పదో తరగతి ఫొటో తప్ప ఇంకేమీ లేదు.

చీకటి పడుతుండగా, "పద, నేను వెళ్లేచోటు చూపిస్తాను" అన్నారు.

పెద్దరోడ్డు మీద, కాలేజీలకి దగ్గర్లో ఉంది ఆ కేఫ్. పేరు చెప్పను. అదే పేరుతో మలాజ్‌లో, జెద్దాలో, దమ్మాంలో, ఎన్ని ఊళ్లలో ఉందో నాకే తెలియదు. లోపల గోడలనిండా పెద్ద పెద్ద టీవీలు, అన్నిట్లోనూ ఆటలు. ఇలాంటివాటిని అమెరికాలో స్పోర్ట్స్ బార్ అంటారట. ఇక్కడ మందుండదు కాబట్టి బార్ అనరు, మిగతాదంతా అదేనని ఆయన చెప్పారు.

కారు పెట్టొస్తాను, నువ్వు లోపలికెళ్లు అన్నారు. రెండు తలుపులుంటాయన్న సంగతి తొమ్మిదేళ్లున్నదాన్నైనా ఏడాదికే మర్చిపోయాను. ఈ దేశంలో అప్పటికి హోటళ్లన్నిటికీ ఒంటరి మగవాళ్లకి ఒక తలుపు, కుటుంబాలకి ఒక తలుపు. దగ్గరున్న తలుపు తోసి లోపలికెళ్లాను.

హాలునిండా మగవాళ్లు. అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. టీవీలో వ్యాఖ్యానం చెప్పేవాడొక్కడే అరుస్తున్నాడు. వెనక్కి తిరుగుదామనుకునేలోపు ఒక మూలనుంచి పొడవాటి నల్లటి మనిషి, తలంతా నెరిసినాయన లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అహ్లన్, ఉమ్మ్ మేఘనా" అన్నాడు.

మేఘనా వాళ్లమ్మా, రండి అని. అరబ్బులు స్నేహితుణ్ణి పేరుతో పిలవరు, పెద్దబిడ్డ పేరు పెట్టి ఫలానావాళ్ల నాన్న అంటారు. అది నాకు తెలుసు. కానీ మా ఆయన్ని ఈ హాలంతా 'అబూ మేఘన' అని పిలుస్తుందని తెలియదు. మా ఆయన ఫోన్లో మా ముగ్గురి ఫొటో వీళ్లంతా ఎన్నిసార్లు చూశారో, అబాయాలో ఉన్నా నన్ను గుర్తుపట్టారు. ఆ మూల టేబుల్ దగ్గరున్నవాళ్లంతా నిలబడ్డారు. అక్కడొక ఖాళీ కుర్చీ ఉంది.

ఇంతలో ట్రే పట్టుకున్న ఒకతను పరుగులాంటి నడకతో వచ్చి, తెలుగులో, "అక్కా, ఇటు గాదు, ఫ్యామిలీది అటుదిక్కు. నాతోటి రాండ్రి" అని నన్ను బయటనుంచి తిప్పి రెండో తలుపులోకి తీసుకెళ్లాడు. లింబాద్రి అతని పేరు. జగిత్యాల దగ్గరి పల్లె. అంతకుముందు ఇక్కడే క్యాష్ కౌంటర్లో ఉండేవాడు. కౌంటర్ పనులు సౌదీలకే ఇవ్వాలన్నాక ఆ కుర్చీలోకి యూనివర్సిటీ కుర్రాడొచ్చాడు, లింబాద్రి ట్రే పట్టుకున్నాడు. "పని పోలే గదా అక్కా, గదే సాలు" అన్నాడు.

ఫ్యామిలీ వైపు

ఫ్యామిలీ వైపు హాలు చిన్నది. టేబుల్‌కి టేబుల్‌కి మధ్య చెక్క తడికలు, పిల్లలు ఎక్కి దూకే మెత్తటి సోఫాలు, రెండే టీవీలు. మగవాళ్ల హాలుకీ దీనికీ మధ్య గాజుగోడ, ఆ గాజుకి పాలరంగు కాగితం అతికించారు. నీడలు కదలడం మాత్రమే తెలుస్తుంది.

భార్యతో వచ్చినవాడు కాబట్టి మా ఆయన కూడా ఈ వైపే కూర్చోవాలి. కూర్చున్నారు. పెళ్లిచూపుల్లో కూర్చున్నంత బిగుసుకుని కూర్చున్నారు. ఆయన ముందు ముదురుగోధుమ రంగు సీసా పెట్టేసరికి బీరేమోననుకున్నాను. తీసుకుని వాసన చూశాను. అది బార్లీ సోడా, దానిమ్మ రుచి. నేనొచ్చాక ఆయన మొదటిసారి నవ్వింది అప్పుడే.

కోడిరెక్కల వేపుడు, బంగాళాదుంపల ఫ్రైస్ వచ్చాయి. కాఫీ పద్దెనిమిది రియాళ్లు. ఆ ధరకి మా వీధిలో నెలరోజులు తాగొచ్చని నేను లెక్కవేస్తుంటే, లింబాద్రి ఇంకో పళ్లెం తెచ్చిపెట్టాడు. మేం చెప్పలేదే అన్నాను. "అవుతల సార్లు పంపిన్రు" అన్నాడు. తర్వాత ఒక గిన్నెలో పాయసంలాంటిదొచ్చింది, అదీ అవతలివాళ్లదే. గోడకటువైపు ఏదో గోల్ పడింది కాబోలు, పెద్ద కేక లేచింది. మా ఆయన సగం లేచి, నన్ను చూసి మళ్లీ కూర్చున్నారు.

ఆయన చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడు లింబాద్రి పళ్లేలు తీస్తూ మెల్లగా అన్నాడు.

"సార్ పోతే మాకు మస్తు ఖాళీ అనిపిస్తది అక్కా. డాక్టర్ సాబ్ కొత్త కఫీల్‌ను సూసి పెట్టిండు గని, సార్ ఔననడు, కాదనడు. మీరన్న జెర చెప్పుండ్రి."

నాకేమీ అర్థం కాలేదు. కానీ తెలియదని అతని దగ్గర ఒప్పుకోవడం ఇష్టంలేక, "చెప్తాలే" అన్నాను. కఫీల్ అంటే ఈ దేశంలో మనిషిని పనిలో పెట్టుకునే యజమాని. కొత్త కఫీల్ కావాలంటే పాతవాడు పోతున్నాడనే అర్థం. గోడకటువైపు ఉన్న ప్రతి మనిషికీ తెలిసిన సంగతి నాకొక్కదానికే తెలియదు.

కారులో

తిరిగొస్తుంటే నేనే మొదలుపెట్టాను.

"కొత్త కఫీలెవరండీ?"

ఆయన కారు ఒక మూసేసిన కొట్టు ముందు ఆపారు. ఆ తర్వాత చెప్పారు. నితాఖాత్ అని ఇక్కడొక పద్ధతుంది. సౌదీల్ని ఎంతమందిని పెట్టుకున్నారన్నదాన్ని బట్టి ప్రతి కంపెనీకీ ఒక రంగు ఇస్తారు. వీళ్ల కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడితే పనివాళ్ల ఇఖామాలు, అంటే నివాసపు కార్డులు, రెన్యూ కావు. ఈయనదింకా కొన్ని నెలలే ఉంది. ఆ లోపల కొత్త కఫీల్ దగ్గరికి మారాలి, లేకపోతే ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని దేశం వదలాలి. మూల టేబుల్ దగ్గర లేచి నిలబడ్డ పొడవాటాయన, సూడాన్‌కి చెందిన ఉస్మాన్, ఊళ్లోని మందులషాపులో ఫార్మసిస్టు. అందరూ డాక్టర్ అంటారు. తనకి తెలిసిన ఒక ఆసుపత్రి యజమానిని ఆయనే ఒప్పించాడు. రేపొచ్చి సంతకం పెట్టు అన్నా పెట్టడానికి వాళ్లు సిద్ధం.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు వచ్చేయమంటావు, లేకపోతే ఉండమంటావు. రెండిట్లో ఏదన్నా నాకు కష్టంగానే ఉంటుంది సుజాతా."

"వాళ్లకి చెప్పారుగా."

"వాళ్లేమీ అనరు. విని, మ్యాచ్ చూస్తారు."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆయన ఆగకుండా, చీకట్లో ఎదురుగా చూస్తూనే, ఆ కేఫ్ సంగతి చెప్పడం మొదలుపెట్టారు. మేం వెళ్లిపోయాక, ఈ ఊరికొచ్చిన కొత్తలో గదిలో గ్యాస్ అయిపోతే తిండికోసం ఆ రోడ్డు మీదికి వెళ్లారట. ఆ బోర్డు చూశారు. మలాజ్‌లో జీతమొచ్చిన గురువారం మేఘనని తీసుకెళ్లేవాళ్లం చూడు, ఆ పేరే. లోపల అవే నారింజరంగు కుర్చీలు, అదే మెనూ, ఆ ఫ్రైస్ పళ్లెం కూడా అదేనట. మేఘన కుర్చీ ఎదురుగా ఉన్నట్టే అనిపించి కూర్చున్నారు. ఆటెవరిదో తెలియదు, ఎవరు ఎవరితో ఆడుతున్నారో తెలియదు. గోల్ పడింది. పక్కనున్న ముక్కూమొహం తెలియనివాడు లేచి ఈయన్ని గట్టిగా కావలించుకున్నాడు.

"నన్నెవరైనా ముట్టుకుని అప్పటికి నెలలైంది" అన్నారు. "మర్నాడు మళ్లీ వెళ్లాను."

కావలించుకున్నాయనే డాక్టర్ ఉస్మాన్.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. బయట వీధిలో అలా పట్టుకోకూడదు, కారులో ఎవరూ చూడరు. అలాగే కూర్చున్నాం.

జంతికల డబ్బా

తర్వాత మూడురోజులు నేనా సంగతి ఎత్తలేదు. పొద్దున ఆయన పనికి వెళ్తారు, నేను వండుతాను, మధ్యాహ్నం పడుకుంటాను, సాయంత్రం కేఫ్. ఒకరోజు నేనే అన్నాను, మీరు అటువైపు కూర్చోండి, నాకిక్కడ బాగానే ఉంది అని. వద్దు వద్దన్నారు గాని కాళ్లు అటే నడిచాయి. మిగిలిన జంతికలన్నీ డబ్బాలో పోసి ఆయనతో అటు పంపాను. గంటకి డబ్బా తిరిగొచ్చింది, నిండా తేనెరంగు సుక్కరీ ఖర్జూరాలతో. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదన్న పట్టింపు మన గోదావరి జిల్లాల్లోనే ఉందనుకున్నాను. సూడాన్‌లోనూ ఉందట.

నేనొక్కదాన్నే కూర్చోవడం చూసి పక్క టేబుల్ ఆవిడ ఇంగ్లీషులో పలకరించింది. పేరు నూరా. ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది, ఇద్దరు పిల్లల తల్లి. కొత్తగా లైసెన్సు వచ్చిందట, కేఫ్‌కి తనే కారు నడుపుకుంటూ వస్తుంది. ఇద్దరం టీచర్లమని తెలిశాక మాటలకి కొదవేముంది. ఆన్సర్ పేపర్లు దిద్దడం అక్కడా అంతే విసుగు. క్లేజా అని ఆ ప్రాంతపు బిస్కెట్టు పెట్టింది. లోపల ఖర్జూరం పాకం, ఏలకులు, మన కజ్జికాయకి దూరపు చుట్టంలా ఉంటుంది. ఇంట్లో పెద్ద టీవీ ఉంచుకుని ఇక్కడికెందుకొస్తావని అడిగాను. ఇంట్లో గోల్ పడితే నేనొక్కదాన్నే అరవాలి, బావుండదు అంది.

ఖర్జూరాల బజారు

శుక్రవారం ఆయనకి సెలవు. తెల్లారకముందే లేపి ఖర్జూరాల మార్కెట్టుకి తీసుకెళ్లారు. సీజను చివరికొచ్చేసింది, అయినా షెడ్డు కింద వరసలు తీరి ఉన్నాయి. వ్యాన్ల వెనకతలుపులు తెరిచి పెట్టెలు పేర్చారు. వేలంపాట పాడేవాడు పెట్టె నుంచి పెట్టెకి నడిచిపోతుంటే వెనకాల జనం కదులుతారు. మా ఊళ్లో చేపల రేవులో పాట ఇలాగే ఉంటుంది, వాసనొక్కటే తేడా. ఎవరి పెట్టె దగ్గర నిలబడ్డా ఒక కాయ చేతిలో పెడతారు. కొనకపోయినా ఏమనరు. మధ్యాహ్నానికి సరిపడా అక్కడే తినేశాను.

షెడ్డు చివర అరుగు మీద కూర్చున్నప్పుడు ఆయనే అడిగారు.

"నువ్వేమీ అనలేదు."

"ఏమన్నా కష్టమేనన్నారుగా."

"అయినా చెప్పు."

అప్పటిదాకా నాలో దాచుకున్న ఒక్క మాటా చెప్పాను. మీరు రండనీ అనను, ఉండమనీ అనను. కానీ మేఘన ఈమధ్య నాన్నెప్పుడొస్తారని అడగడం మానేసింది. అడిగినన్నాళ్లూ నాకు భయం లేదు. ఇప్పుడు భయమేస్తోంది.

ఆయన చేతిలో ఖర్జూరం అలాగే ఉండిపోయింది. లేచి వెళ్లి, ఒక ముసలాయన వ్యాన్ దగ్గర పెట్టెలు చూడ్డం మొదలుపెట్టారు. నాలుగు కొన్నారు, ఐదోది కూడా తీశారు. ఇన్నెలా తీసుకెళ్తానండీ, విమానంలో ఒప్పుకోరు అన్నాను.

"రెండు నువ్వు పట్టుకెళ్లు. మిగతావి నేను తెస్తాను."

"ఎప్పుడు?"

"ఎగ్జిట్ కొట్టించుకుని."

ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం పెట్టెల మీదే ఉన్నాయి. ముసలాయనకి మా భాష రాదు, కానీ ఏదో తెలిసినట్టు ఇంకో గుప్పెడు కాయలు సంచిలో పోశాడు.

ఆ మధ్యాహ్నమే డాక్టర్ ఉస్మాన్‌కి ఫోన్ చేసి చెప్పారు. అవతలనుంచి, పిల్ల దగ్గరికి వెళ్లేవాణ్ణి ఎవరాపుతారు అన్నాడట. ఉస్మాన్ పెద్దకూతురు ఖార్టూమ్‌లో ఉంది. ఆమె పెళ్లి ఆయన వీడియోలో చూశాడు. ఇది నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

చివరికేమయిందన్నది ముందే చెప్పేస్తాను. ఆయన మాట నిలబెట్టుకున్నారు, సంక్రాంతి దాకా కూడా ఆగలేదు. ఇప్పుడు కాకినాడలో ఒక కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తున్నారు. జీతం తక్కువ, పని ఎక్కువ. మొదటి నెలల్లో సాయంత్రాలు ఆయనకి పొద్దుపోయేది కాదు, గుమ్మంలోంచి వీధిలోకీ వీధిలోంచి గుమ్మంలోకీ తిరిగేవారు. మేఘన ఆయనతో మామూలుగా మాట్లాడ్డానికి కొంత కాలం పట్టింది. మొదట నాకు చెప్పి ఆయనకి చెప్పమనేది. ఇప్పుడు నేరుగా పోట్లాడుతోంది. అందువల్ల ఉనైజా నాకు బాధగా గుర్తుండదు. గుర్తొచ్చినప్పుడల్లా నేనక్కడినుంచి బయల్దేరే ముందురోజు సాయంత్రమే కళ్లముందు మెదులుతుంది.

ఆఖరి మ్యాచ్

ఆ సాయంత్రం ఊరి జట్టు ఆడుతోంది. పెద్ద జట్టు కాదు. గెలవడం అరుదని నూరా ముందే చెప్పింది. అయినా కేఫ్ బయట కార్లు పెట్టడానికి చోటు లేదు. ఫ్యామిలీ వైపు కూడా కుర్చీలు చాలక పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నారు. నూరా నాకు తన పక్కన చోటుంచింది. మా ఆయన గోడకటువైపు, తన మూలలో ఉన్నారు. ఆయన వెళ్లిపోతున్నారన్న సంగతి అప్పటికి అందరికీ తెలుసు. లింబాద్రి ఆర్డరు తీసుకోడానికొచ్చి, ట్రే బల్లమీద పెట్టేశాడు.

"మంచిగయిందక్కా. నా బిడ్డ ఐదో క్లాసు సదువుతున్నది. నేనూ ఇంకో రెండేండ్లు జూసి..." అని, మాట పూర్తిచెయ్యకుండా ట్రే తీసుకుని వెళ్లిపోయాడు.

ఆట మొదలైంది. నాకు ఆటేమీ తెలియదు. నూరా చెబుతోంది, మాది పచ్చ, వాళ్లది తెలుపు. కాసేపటికి తెల్లవాళ్లు ఒక గోల్ కొట్టారు. పచ్చవాళ్లు ఎంత పరిగెత్తినా బంతి గోల్ దాకా వెళ్లి తిరిగొచ్చేస్తోంది. సగం ఆట అయింది, ముప్పావు అయింది. ఒక చిన్నపిల్ల నా భుజం మీద నిద్రపోయింది. ఆ పిల్ల ఎవరిదో కూడా నాకు తెలియదు.

ఉన్నట్టుండి గోడకటువైపు హాలంతా ఒక్కసారిగా అరిచింది. మా వైపు టీవీలో ఇంకా బంతి మధ్యలోనే ఉంది. ఏం జరిగిందో అర్థంకాక నూరాకేసి చూశాను. నవ్వింది. అటువైపు టీవీకి సిగ్నల్ కొన్ని క్షణాలు ముందొస్తుంది, అందుకే మాకు గోల్ చూడకముందే వినిపిస్తుంది అంది. ఆమె అంటుండగానే మా టీవీలో పచ్చజట్టువాడు బంతిని వలలోకి కొట్టాడు. ఈ వైపు ఆడవాళ్లు, పిల్లలు లేచి కేకలు పెట్టారు. భుజం మీద పిల్ల ఉలిక్కిపడి లేచి తనూ చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత నేను టీవీ చూడ్డం మానేసి గోడకేసే చూస్తూ కూర్చున్నాను. పాలరంగు కాగితం వెనక నీడలు ముందుకూ వెనక్కీ ఊగుతున్నాయి. ఆట ఇక అయిపోవస్తోందని నూరా అంది. కొందరు సంచులు సర్దుకుంటున్నారు.

అప్పుడే మళ్లీ అరిచారు. ఈసారి కేక ఆగలేదు. బల్లలు మోగాయి, గ్లాసేదో పగిలింది. ఆ గోలంతటి మధ్యలో అందరికన్నా పైకి ఒక గొంతు లేచింది. మాటలు కావవి, ఉత్త కేక. ఆనందం పట్టలేని మనిషి కేక. చుట్టూ ఉన్న అరబ్బీ కేకల్లో అదొక్కటీ వేరుగా తెలుస్తోంది. ఇరవయ్యేళ్లు ఒకే కప్పు కింద ఉన్నాను, ఆ మనిషి గట్టిగా తుమ్మడం కూడా నేను వినలేదు. అయినా గుర్తుపట్టాను.

నూరా గోడకేసి చూసి, అలా అరుస్తున్నదెవరని నవ్వుతూ అడిగింది.

మా టీవీలో ఇంకా గోల్ పడలేదు.

"మా ఆయన" అన్నాను.